తెరమీది రాక్షసికి ఉద్వాసన

మా అంబుజత్త దేనికీ భయపడదని చింతామణిలో మా వీధి వీధంతా నమ్మేది. నేనూ నమ్మేవాణ్ణి. ఒకసారి స్నానాలగదిలో నాగుపాము దూరింది. నాన్నగారు వాకిట్లోకి పరుగెత్తి కేకలు పెడుతూంటే, ఆవిడ చేతిలో చెంబు పక్కన పెట్టి, పాముతో తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడి, అది తూము దారిన వెళ్లేదాకా అక్కడే కూర్చుని, తర్వాత తన స్నానం తను చేసి వచ్చింది. అలాంటి మనిషిని ఒక గుడ్డతెర బెదరగొట్టింది. అసలు బెదరగొట్టింది తెర అనడం కూడా సగం అబద్ధమే. బెదరగొట్టినవాణ్ణి నేను.

అత్త పూర్తి పేరు అంబుజాక్షి. నాన్నగారికి అక్క. పదకొండో ఏట మొగుడు పోయాడు. ఆయన ముఖం గుర్తు లేదనీ, పెళ్లిలో తన లడ్డు కూడా ఆయన ఈవిడకే ఇచ్చేశాడనీ, అదొక్కటే గుర్తుందనీ చెప్పేది. అప్పటినుంచీ పుట్టిల్లే. తల గొరిగించి, ఎర్రచీర కట్టించి, శుభకార్యాల్లో ఎదురు రావద్దని చెప్పి, ఇంటి చాకిరీ మొత్తం ఆవిడ నెత్తిన పెట్టారు. మా తాతగారు వేంకటరమణస్వామి గుడిలో అర్చకులు. ఆయన పూజకు నీళ్లు తోడడం, పూలు కట్టడం, గంధం తీయడం, ఆ తర్వాత దూరంగా స్తంభం పక్కన కూర్చుని వినడం ముప్పై ఏళ్లు అత్త పని. మంత్రం నోట పలకడానికి మాత్రం వీల్లేదు.

నా నాలుగో ఏట మా అమ్మ పోతే నన్నూ, మా చెల్లెలు పంకజనూ పెంచింది అత్తే. మాకు జ్వరం వస్తే స్వామికి ముడుపు కట్టేది. తగ్గితే స్వామి మంచివాడనేది. తగ్గకపోతే స్వామితో మాట్లాడడం మానేసేది. గుడికి పోయి, పూలు ఇచ్చి, ముఖం చూడకుండా తిరిగి వచ్చేసేది. దేవుడితో అలగాలంటే ఆ దేవుడు పక్కింట్లో ఉన్నంత నిజంగా ఉండాలి కదా. ఆవిడకు అంత నిజంగానూ ఉండేవాడు.

పందొమ్మిదివందల నలభై నాలుగు ఎండాకాలం. నేను బెంగళూరులో ఇంటర్మీడియట్ సైన్సు చదువుతూ, జంధ్యం హాస్టలు గోడకు మేకున తగిలించి ఇంటికి వచ్చిన ఘనుణ్ణి. సంతమైదానంలో టెంటు సినిమా వచ్చింది. మొదటి వారం ఆడింది దేవుడి పిక్చరు. తాలూకా కచేరిలో గుమాస్తాగా పనిచేసే మా నాన్నగారు, సినిమా అంటేనే ముఖం చిట్లించే మనిషి, దేవుడని విని అత్తను తీసుకుపొమ్మన్నారు. జనం చెప్పులు టెంటు బయటే విడిచి లోపలికి వెళ్లారు. తెరమీద స్వామి కనబడగానే అందరూ లేచి నిలబడ్డారు. అత్త కొంగున కట్టుకొచ్చిన అక్షింతలు తెరమీదికి చల్లి, తమలపాకులో కర్పూరం వెలిగించి హారతి ఇచ్చింది. గుడ్డ అంటుకుంటుందని మిషను ఆడించే మునిశామప్ప హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు. తీరా వచ్చి, తనూ హారతి కళ్లకద్దుకుని వెళ్లాడు. ఆ రోజు ఇంటికి వస్తూ అత్త ముఖంలో ఉన్న కాంతి నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

రెండో వారం పిక్చరు మారింది. మాంత్రికుడు, రాక్షసి, ఉయ్యాలలో పిల్లలను ఎత్తుకుపోవడం. బెంగళూరులో దాన్ని చూసినవాళ్లు తెగ చెప్పారు. నాకు చూడాలని ఒకటే పురుగు. ఒక్కణ్ణే పోతానంటే నాన్నగారు ఒప్పుకోరు, అత్తతో అయితే కాదనరు. అందుకని అత్తతో, ఇదీ దేవుడి పిక్చరే అని చెప్పాను. ఏం, చివర్లో దేవుడు వస్తాడుగా, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పాపం, ఆవిడ మళ్లీ అక్షింతలు, పూలు కొంగున కట్టుకుని బయల్దేరింది.

పిక్చరులో మాంత్రికుడు ముగ్గు వేశాడు. బియ్యం పోసి కలశం పెట్టాడు. ఆ సినిమా తీసినవాళ్లకు ఏ పురోహితుడు నేర్పాడో గానీ, "ఆవాహయామి, స్థాపయామి" అని అచ్చం మా తాతగారు గుడిలో అన్నట్టే అన్నాడు. ఆ మాట చెవిన పడితే చాలు, అత్త చేతులు వాటంతట అవే లేస్తాయి. కళ్లు మూసుకుంది, కొంగుముడి విప్పింది, దోసెడు అక్షింతలూ పూలూ తెరమీదికి చల్లింది, దండం పెట్టింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా జుట్టు విరబోసుకుని రాక్షసి నిలబడి ఉంది. పైగా అది ఈవిడవైపే చూస్తోంది.

టెంటులో కేకలు పెట్టేవాళ్లు కేకలు పెట్టారు. బీడీలు కాల్చేవాళ్లు కాల్చుకుంటూనే ఉన్నారు. నేను నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చివర్లో మాంత్రికుణ్ణి కథానాయకుడు చంపాడు, రాక్షసి మాయమయింది, పిల్లవాడు దొరికాడు, పాట పాడారు, దీపాలు వెలిగాయి. భయపడినవాళ్లు కూడా ఒకరినొకరు గిల్లుకుంటూ, నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు. దీపాలు వెలిగాక వాళ్ల భయం పోయింది. అత్తకు అప్పుడే మొదలయింది.

ఇంటికి వచ్చాక గడప లోపలికి రాలేదు. వీధి అరుగుమీద కూర్చుండిపోయింది. ఏమైందని అడిగాను.

"పిలిచినోడు చచ్చిపాయ. కలశం కదిలిచ్చినోడు ఎవురూ లేరు. అది యాడికి పోతాది మురళీ?"

మా ఇళ్లల్లో పూజ చేస్తే కలశంలోకి దేవుణ్ణి పిలుస్తాం. పూజ అయ్యాక ఉద్వాసన మంత్రం చెప్పి, కలశాన్ని ఉత్తరం దిక్కుగా కొంచెం జరిపి, వెళ్లిరమ్మని సాగనంపుతాం. అందాకా దేవుడు ఇంట్లో ఉన్నట్టే. గట్టిగా మాట్లాడకూడదు, దీపం కొండెక్కనివ్వకూడదు. అత్త పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ చూసింది అది. కలశం అట్లాగే వదిలేసి లేచిపోవడం ఆవిడ ఊహకే అందదు. ఆ పిక్చరులో అందరూ వదిలేసి పాట పాడుకున్నారు.

అది సినిమా అనీ, చివర్లో మాయమైపోయింది కదా అనీ అన్నాను.

"కనపడకపోతే లేనట్టేనా? మన సామి మాత్రం కనపడతాండాడా?" అంది. "అయినా వాడొక్కడే పిలవలేదప్పా. అక్షింతలేసి నేనూ పిలిచినా, ఈ చేత్తోనే."

అసలు ఆవిడ గడప దాటకపోవడానికి కారణం లోపల ఉన్న పంకజ.

పంకజకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. బాగేపల్లిలో అత్తవారి ఇంట మొదటి కాన్పు అయితే బిడ్డ మూడోరోజు పోయింది. అప్పుడు అంబుజత్త దగ్గర లేదు. ఈసారి పుట్టింటికి వచ్చింది ఒక్క అత్త కోసమే. మంత్రసాని చిక్కమ్మ ఎంత చెయ్యి తిరిగిందైనా సరే, పక్కన అత్త లేకపోతే తాను కననంటే కననని మొండికేసి కూర్చుంది. ఆ రాక్షసి ఎత్తుకుపోయేదేమో ఉయ్యాలలో పిల్లలను. దాన్ని తన చేత్తో పిలిచి, వెంటబెట్టుకుని ఆ గదిలోకి ఎట్లా పోతుంది అత్త? తనకేదో అవుతుందని ఆవిడ భయపడలేదు. అట్లా అయితే చెంబు పక్కన పెట్టి దానితోనూ మాట్లాడేసి ఉండేది.

తెల్లవారగానే బట్లహళ్ళిలో దూరపు చుట్టాల ఇంటికి పోతానని మూట కట్టింది. కారణం నాన్నగారికి చెప్పలేదు. చెబితే నా అబద్ధం బయటపడి నా వీపు చిట్లుతుందని ఆవిడకు తెలుసు. పంకజ గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది, ఎందుకు పోతావని. అత్త దానికేసి చూడకుండా మూట ముడే మళ్లీ మళ్లీ బిగిస్తోంది. నా మీద నాకు అసహ్యం వేసింది. రెండు రోజులు ఆగు, నేనేదో చేస్తానని కాళ్లు పట్టుకుంటే, అరుగుమీదే పడుకుంటానని ఒప్పుకుంది.

చేసిందేమిటంటే, చదువుకున్నవాణ్ణి కదా, సైన్సు చెప్పాను. మధ్యాహ్నం టెంటు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకుపోయాను. మునిశామప్ప మంచివాడు. మిషను చూపించాడు, అద్దం చూపించాడు, రీలులో ఆ ముక్క వెదికి ఎండకు పట్టి చూపించాడు. బొటనవేలి గోరంత రాక్షసి. చూడు అత్తా, ఇదే, దీని నీడే గుడ్డమీద పడుతుంది అన్నాను గొప్పగా.

అత్త కొంగుతో ముక్కు మూసుకుని, వంగి, చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నదాంట్లో ఉంటాదా," అంది మెల్లిగా. "సాలగ్రామమూ ఇంతే గదరా."

మునిశామప్ప రీలు గబగబా డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఇంతవరకూ ఆ రీలును ముట్టుకోడానికి అతనికేం అనిపించలేదట, ఈ మాట విన్నాక చేతులు కడుక్కోవాలనిపించిందని తర్వాత నాతో చెప్పాడు. నేను ఇంకా వాదించబోయాను. వేంకటరమణుడి పటం కూడా కాగితమే కదా అని ఆవిడ అడిగింది. మొన్న ఇదే గుడ్డమీద స్వామి వస్తే అందరూ లేచి నిలబడలేదా, నువ్వూ నిలబడలేదా అని అడిగింది. నేను నిలబడింది నిజమే. వెనక ఉన్నవాళ్లు తిడతారని నిలబడ్డాను, కానీ ఆ మాట ఆవిడతో అనడానికి నాకు ముఖం చెల్లలేదు. స్వామి వచ్చాడంటే ఇదీ వచ్చింది. ఇది రాలేదంటే స్వామీ రాలేదు. ఆవిడ మొన్నటి ఆనందం పోకుండా ఈ భయం ఒక్కటీ పోగొట్టే ఉపాయం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

ఓడిపోయి, ఇప్పుడేం చేయమంటావని అడిగాను. ఆవిడ అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. ఉద్వాసన చెప్పాలి. తాను ఆడది, పైగా విధవ, మంత్రం చెప్పకూడదు. నాన్నగారికి తెలియకూడదు. మిగిలింది నేను.

నాకు నమ్మకం లేదు అత్తా అన్నాను.

"నువ్వు నమ్మక్కర్లేదు. తప్పుల్లేకుండా చెప్పు, చాలు."

జంధ్యం కూడా లేదని ఆవిడకు ఎప్పుడో తెలుసు. ఖాళీ ఉన్నప్పుడల్లా తకిలీతో జంధ్యాలు వడికేది ఆవిడే కదా. కొత్తది ఒకటి చేతిలో పెట్టింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఇంట్లోంచి రాగిచెంబు తువ్వాలలో చుట్టుకుని టెంటుకు పోయాం. మునిశామప్ప చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. తెరముందు ఇసుకలో బియ్యం పోసి, కలశం పెట్టి కూర్చున్నాను. వేడిగాలికి తెర అటూ ఇటూ ఊగుతోంది. లోపల నవ్వుకుంటూనే మొదలుపెట్టాను. చిన్నప్పుడు తాతగారు నేర్పిన మంత్రం, నాలుక దాని దోవన అది పోయింది. "యథాస్థానం ఉద్వాసయామి" అని కలశం ఉత్తరానికి జరిపాను. అదే ఊపులో "శోభనార్థం పునరాగమనాయ చ" అని ముగించి లేచాను.

అత్త అప్పటికీ కళ్లు తెరవలేదు. పెదవులు కదులుతున్నాయి. దండం పెట్టుకుంటోంది అనుకున్నాను. తర్వాత లేచి నాతో ఇంటికి వచ్చింది, కుడికాలు పెట్టి లోపలికి వెళ్లింది. పంకజ ఆవిడ మెడ పట్టుకుని వదల్లేదు.

ఆ సాయంత్రం కాఫీ తాగుతూంటే నాకు వెలిగింది. ఆ ఆఖరి మాటకు అర్థం, శుభం కోసం మళ్లీ రావాలని. ఇంటికొచ్చిన చుట్టాన్ని మళ్లీ రమ్మన్నట్టు దేవుళ్లకు చెప్పే మర్యాద. నేను రాక్షసిని మళ్లీ రమ్మని పిలిచి వచ్చాను. నవ్వొచ్చింది. హాస్టలులో చెప్పుకోడానికి మంచి కథ దొరికిందనుకున్నాను. అత్తకు సంస్కృతం రాదు కాబట్టి బతికిపోయాననుకున్నాను.

ఎనిమిది రోజులకు పంకజకు నొప్పులు వచ్చాయి. అత్త రాత్రీ పగలూ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మగపిల్లవాడు. చిక్కమ్మ బొడ్డు కోసి ఇస్తే అందుకుని, పంకజ పక్కన పడుకోబెట్టి, అత్త గది బయటికి వచ్చేసింది. మళ్లీ లోపలికి పోలేదు. గడప అవతలే కూర్చుని చిక్కమ్మకు బాలింత మందు కాయం ఎట్లా కలపాలో, బిడ్డను ఎట్లా తిప్పాలో చెబుతూండేది. పురుడు కదా, మడి కాబోలు అనుకున్నాను.

మూడోరోజు గడిచింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆరోరోజు పొద్దున బిడ్డ ఒళ్లు కాలిపోతోందని చిక్కమ్మ చెప్పింది.

నాకేమయిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పిలిచింది నేను, మర్యాదగా, కలశం పెట్టి, జంధ్యం వేసుకుని మరీ పిలిచాను, అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. నమ్మనివాణ్ణని చెప్పుకోడానికి కూడా ఆ క్షణంలో ధైర్యం చాలలేదు. బిడ్డ మన ఇంటిది కాకపోతే నమ్మకుండా ఉండడం తేలికే. అత్త దగ్గరికి పోయి, ఆ రోజు చివర్లో మళ్లీ రమ్మన్నానని, తప్పయిపోయిందని ఏడుస్తూ చెప్పేశాను.

"విన్నాలే," అంది అత్త. "ముప్పై ఏండ్లు నాయన పూజ విన్నదాన్ని. దేవున్ని పంపిచ్చేటప్పుడు ఆ మాట ఎందుకంటారో నాకు తెలీదా?"

విని ఊరికే ఉన్నావా అని అడిగాను.

"ఊరికే యాడుంటి? మంత్రం నేను చెప్పకూడదు గదా, అందుకే తెలుగులో చెప్పితి. ఆ పిక్చర్లో అది తెలుగే గదా మాట్లాడింది. కాన్పయ్యేదాకా తెరలోనే ఉండమ్మా, ఆమీట రావాలనుంటే నా దగ్గరికి రా, బిడ్డ దగ్గరికి పోవద్దంటి. నాకు మొగుడు లేడు, బిడ్డల్లేరు, నీకూ ఎవురూ ఉండేట్టు లేదు, ఇద్దరం ఒకచోట పడుంటామంటి."

అప్పుడు అర్థమయింది, ఆరు రోజులుగా గడప ఎందుకు దాటలేదో. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆవిడ మాత్రం చిరాకు పడింది.

"అది నా దగ్గర ఉండాది. బిడ్డకు వచ్చింది ఉత్త జ్వరం. ఏడస్తా కూర్చోకుండా డాక్టరును పిలుచుకొని రాపో."

పిలుచుకొని వచ్చాను. డాక్టరు చూసి, మందిచ్చి, పాలు పట్టడం మానవద్దని చెప్పి పోయాడు. మర్నాటి సాయంత్రానికి జ్వరం దిగింది. ఇంట్లో అందరూ తేరుకున్నారు. అత్త మాత్రం గడప అవతలే ఉంది. ఉంటానని మాట ఇచ్చిందిగా దానికి.

పదకొండో రోజు పురుడు కడిగారు. బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు. పంకజ తలంటు పోసుకుని, బిడ్డను ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చి, ఒక్కసారి ఎత్తుకో అత్తా అంది. అత్త రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు వెనక కట్టుకుంది, పొరపాటున ముందుకు చాస్తానేమోనని. కళ్లు మాత్రం బిడ్డమీదే ఉన్నాయి. పదకొండో ఏటినుంచీ ఈ ఇంట్లో ఎవరి బిడ్డలనో పెంచుతూ వచ్చిన మనిషి, తన చేతులను తనే కట్టేసుకుని నిలబడింది. నాకు దుఃఖం ఆగలేదు.

బావి దగ్గర రెండు బిందెలు నెత్తిన పోసుకుని, జంధ్యం సరిచేసుకుని వచ్చాను. అత్తను వెనక వసారాలో కూర్చోబెట్టాను. ఆవిడ ఎదురుగా బియ్యం పోసి, కలశం పెట్టాను. నాన్నగారు ఇదేమిటని అడగబోయి, నా ముఖం చూసి, ఒక పక్కగా కూర్చున్నారు. ఈసారి నవ్వు రాలేదు. నమ్మానా అంటే చెప్పలేను. ఒక్కొక్క అక్షరం చూసుకుని చెప్పాను. "యథాస్థానం ఉద్వాసయామి" అని కలశం ఉత్తరానికి జరిపి, అక్కడ ఆగిపోయాను. అత్త కళ్లు మూసుకుని చెవులు రిక్కించి, ఆ తర్వాతి మాట కోసం ఎదురుచూస్తోంది. నేను చెప్పలేదు. ఆ మాట ఇక రాదని తెలిశాక ఆవిడ భుజాలు జారాయి.

"పోయిందా?" అని అడిగింది.

పోయిందన్నాను.

"నిజంగా పోయిందా మురళీ? బిడ్డ విషయం."

"పోయింది అత్తా. నా కండ్లతో చూసినా," అన్నాను.

ఆవిడ నన్ను అట్లాగే కాసేపు చూసింది. తర్వాత పంకజవైపు తిరిగి రెండు చేతులూ చాచింది.